మౌలాలిలో పురుడు

ఉద్యోగంలో నా చివరి వేసవికి నేను సికింద్రాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ వైద్య విభాగాధిపతిని. విభాగాధిపతి అంటే సొంత గది, ఏసీ, ఎదురు చెప్పని జూనియర్లు. అంతకుముందు ఏడాది మా ఆవిడ పోయింది. నా తీర్పులను ఇంట్లో కొట్టిపారేసే మనిషి లేకపోవడంతో, అవన్నీ సరైనవేనని నాకు నమ్మకం కుదురుతున్న రోజులవి.

అప్పుడు మౌలాలి నుంచి ఇద్దరు వియ్యపురాళ్లు వచ్చారు. రోగి సత్యవతి, కోనసీమ మనిషి. ఆమె ఇంటికి దగ్గర్లోనే సహజవాయువు బావి తవ్వారు. అక్కడ అదనంగా వచ్చే గ్యాస్‌ను ఎత్తైన గొట్టం చివర కాల్చేస్తారు. ఆ మంట పెరిగిన రోజున దగ్గు, ఆయాసం అని ఆమె ఫిర్యాదు. ఏడో నెల గర్భంతో ఉన్న కూతుర్ని పురిటికి తీసుకెళ్లడానికి వచ్చి, కొన్నాళ్లుగా మౌలాలిలో అల్లుడింట్లోనే ఉంటోంది. కూతురి అత్తగారు యాదమ్మ పంపడం లేదు.

"సారూ, ఈమె దగ్గు సంగతి మీరు చూసుకోండ్రి. నా కోడల్ని గా మంట పక్కకు పంపుడా, వద్దా? గది చెప్పుండ్రి," అంది యాదమ్మ.

"తొలి పురుడు పుట్టింట్లో పొయ్యకపోతే మా ఊళ్లో నా మొహం ఎవరైనా చూస్తారా వదినా?" అంది సత్యవతి.

"మొహం తర్వాత. ముందుగాల ఊపిరి చూసుకో."

ఊపిరి పరీక్ష చేయించాను. ముక్కుకు క్లిప్పు పెట్టి యంత్రంలోకి బలంగా ఊదిస్తాం. ఎంత గాలి ఎంత వేగంగా వచ్చిందో గీతగా పడుతుంది. గీత నిండుగా ఉంది. ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయని, మిగిలిందంతా భయమేనని చెప్పాను. కూతుర్ని తీసుకెళ్లవచ్చన్నాను. తను కోరుకున్న మాటే అయినా సత్యవతి లేవలేదు.

"ఆయ్, ఇక్కడ బానే ఉంటుందండి. ఇక్కడ మంట లేదు కదండీ."

జూనియర్లు గోడ వైపు చూశారు. ఉబ్బసం లాంటి జబ్బుల్లో ఊపిరి చోటును బట్టి మారుతుందన్నది నేను ఏటా విద్యార్థులకు చెప్పే పాఠం. బాగా చెబుతానని పేరు కూడా ఉండేది.

ఆమెకు పీక్ ఫ్లో మీటరు ఇచ్చి, మౌలాలిలో కొన్ని రోజులు ఊదించి, ఊరికి పంపాను. అది చిన్న ప్లాస్టిక్ గొట్టం; ఊదితే ముల్లు జరిగి వేగం చూపిస్తుంది. కూతురు మౌలాలిలోనే ఆగింది. సత్యవతి రోజూ ఊది అంకెలు ఫోన్లో చెప్పేది. ఊరు చేరాక అంకెలు పడిపోయాయి. నా నిర్ధారణ తప్పవడం కన్నా ఆమె ఊదడం తప్పవడమే సహజంగా తోచి, వీడియో కాల్ చేయమన్నాను. నిలబడి, నిండా పీల్చి, పెదాలు బిగించి, పుస్తకంలో బొమ్మలా ఊదింది. భుజం వెనక పట్టపగలే మంట కనిపిస్తోంది.

"మళ్లీ ఊదమంటారా అండి?" అని దగ్గింది. వద్దన్నాను.

మౌలాలికి తిరిగొచ్చాక అంకెలు లేచాయి. ఇంటి దగ్గర ఊపిరి తగ్గుతోందని, దూరంగా ఉంటే కోలుకుంటోందని, ఏ వాయువు వల్లనో ఈ పరీక్ష చెప్పదని, కారణం తేలేదాకా గర్భిణి అక్కడ ఉండకపోవడం మేలని రాసిచ్చాను. సత్యవతి తల దించుకుంది. అల్లుడింట్లో పురుడు పోయడం ఆమెకు నామోషీ.

"ఏందొదినా, గట్ల కూసున్నవ్?" అంది యాదమ్మ. "ముందటి అర్ర నీకిస్తా. ఎవరన్న అడిగితే గదే నీ బిడ్డ పుట్టిల్లని చెప్పు."

సత్యవతి తలెత్తింది. "బాలింతకి పెట్టే కాయం మందు మాత్రం నేనే చేస్తానొదినా. మీరు చెయ్యి పెట్టకూడదు మరి."

"పెట్టను తియ్. నీ వాసనలకు నేనే బయటికి పోత."

బిడ్డ పుట్టాక ఆ ముందు గదిలోనే పురుడు వెళ్లింది. తర్వాత సత్యవతి మంట పక్కకే తిరిగి వెళ్లింది. ఆమె ఇల్లు అక్కడే ఉంది. నేను నేర్చుకున్నది ఒకటే: రోగి చేత ఊదించే ముందు, ఏ గాలి పీల్చి వచ్చారో, అది వదిలి ఎన్నాళ్లయిందో అడగాలి. ఉద్యోగంలో మిగిలిన నెలల్లో అందరినీ అడిగాను. మందులు రాశాను. గాలి మార్చడం మాత్రం నా చీటీతో అయ్యే పని కాదు.