రెండు చుక్కలు, ఒక గీత

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు ఇలా రాసి చెప్పగలుగుతున్నాను. ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. "అంత మంచి ఉద్యోగం ఎలా కొట్టావు?" అని ఎవరైనా మెచ్చుకుంటే చెంప పగలగొట్టాలనిపించేది. ఎవరి చెంప? నాదే.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులు. టెక్కలి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో చివరి ఏడాది. మా నాన్న పలాసలో గుమాస్తా. నాతో కలిసి ప్రాజెక్టు చేసిన నూకరత్నం వాళ్లది మూలపేట వైపు సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ల నాన్న చేపల వేటకు వెళ్లేవాడు. ఉద్దానం రైతులు జీడిపిక్కల ధర చూసుకుని నేరుగా అమ్ముకునే వెబ్ అప్లికేషన్ మా ప్రాజెక్టు. ఆలోచన ఆమెది. పేజీల అందమంతా ఆమెదే. రంగులు, అక్షరాలు, అమరికలు స్టైల్‌షీట్లనే వేర్వేరు ఫైళ్లలో రాసి, వాటన్నింటినీ ఒక ప్రధాన ఫైలులోంచి పిలిచేలా కట్టింది.

ప్రాజెక్టు చూపించాల్సిన ముందు రోజు నేను అతితెలివికి పోయాను. ఫైళ్లు చిందరవందరగా ఉన్నాయని కొత్త ఫోల్డర్ పెట్టి, ఆ ప్రధాన ఫైలును అందులోకి మార్చాను. అది ఎక్కడికి మారిందో పేజీకి చెప్పాను. కానీ ఆ ఫైలు తానున్న చోటు నుంచే మిగతావాటికి దారి వెతుక్కుంటుందని నాకు తట్టలేదు. నా కంప్యూటర్లో బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాత రూపాన్నే చూపించింది. బాగానే ఉందనుకున్నాను. నూకరత్నానికి మాట మాత్రం చెప్పలేదు.

మర్నాడు ఉద్యోగాలిస్తామంటూ విశాఖపట్నం నుంచి వచ్చిన ఇద్దరి ముందు, ల్యాబులోని వేరే కంప్యూటర్లో పేజీ తెరిచాం. రంగు లేదు, అమరిక లేదు. తెల్లటి తెర మీద నల్లటి అక్షరాలు కుప్పగా పడి ఉన్నాయి.

మా లెక్చరర్ నన్ను అడగలేదు. ఆమె వైపే తిరిగాడు. "డిజైన్ నీదేనా? వలలు అల్లుకోక నీకెందుకమ్మా ఇవన్నీ?" ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను. అవును, నేనూ నవ్వాను.

నూకరత్నం నా వైపు వంగి మెల్లగా అడిగింది. "నిన్న బాగానే వొచ్చింది గదా. నువ్వేటైనా కదిపినావేటి? సెప్పు, నానేటీ అనను."

"నేనేటీ ముట్టుకోలేదు. నువ్వే ఏదో చేసుంటావు."

ఆ మాట అనేటప్పటికే నాకు అర్థమైపోయింది. ఎక్కడ తెగిందో, ఎవరు తెంపారో. ఆమె కీబోర్డు మీద చెయ్యి వేసింది. లెక్చరర్ "ఇంక చాల్లే" అని ఆమెను బయటికి పంపేశాడు. ఆమె గడప దాటగానే నేను ఫైలు తెరిచాను. ప్రతి దారి ముందూ రెండు చుక్కలు, ఒక గీత పెట్టాను. ఒక ఫోల్డర్ పైకెళ్లి వెతకమని దాని అర్థం. అంతే. పేజీ ఆమె గీసుకున్నట్టే వెలిగింది.

"డిజైన్ కూడా నువ్వే చేసుంటావు" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకాయన. నేను కాదనలేదు.

మరిచిపోయిన సంచీ కోసం ఆమె లోపలికి వచ్చింది. తెర చూసింది. నన్ను చూసింది. సంచీ తీసుకుని వెళ్లిపోయింది. కేకలెయ్యలేదు. ఎందుకెయ్యలేదు? ఎవరు వింటారని వేస్తుంది? ఆ లెక్చరరా? నేనా?

ఉద్యోగం నాకొచ్చింది. ఆమె పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర బిల్లులు టైపు చేసిందని విన్నాను. కొన్నేళ్లకు ఇచ్ఛాపురంలో సొంతంగా కంప్యూటర్ సెంటర్ పెట్టిందని తెలిసినప్పుడు, బాగానే ఉందిగా అని ఊపిరి పీల్చుకున్నాను. చూశారా నా సిగ్గులేనితనం? ఆమె పళ్లు బిగించి నిలబడితే, దాన్ని కూడా నా తప్పుకు చెల్లుగా నా ఖాతాలోనే వేసుకున్నాను.

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన ఒక అమ్మాయి పేజీ సరిగ్గా అలాగే విరిగింది. అందరి ముందూ అరిచాను. "ఇంటి దగ్గర కూర్చోక నీకెందుకమ్మా ఇవన్నీ?" నా నోట్లోంచి ఆ లెక్చరర్ గొంతు వచ్చింది. ఆ అమ్మాయి కళ్లు దించుకుంది. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆ లెక్చరర్ని ఇన్నేళ్లూ తిట్టుకున్నాను, ఏ మొహంతో?

అప్పటికి పిల్లాడివి, భయపడ్డావు అని మీరనొచ్చు. అనకండి. ఫోల్డర్ మార్చడం పొరపాటు. నవ్వడం పొరపాటు కాదు. "నువ్వే" అనడం పొరపాటు కాదు. ఆమె బయట నిలబడి ఉండగా ఆ చుక్కలు పెట్టడం అసలే కాదు.

ఇచ్ఛాపురం వెళ్లి ఆమె కాళ్ల మీద పడొచ్చు. ఎవరి కోసం? నా మనసు కుదుటపడడానికి ఆమె మళ్లీ ఆ ల్యాబులో నిలబడాలా?

ఆ పేజీ నూకరత్నం చేసింది. విరగ్గొట్టింది నేను. ఈ రెండు మాటలూ పక్కపక్కన రాయడం ఇదే మొదలు. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. కోపం మాత్రం పోలేదు. పోకూడదు కూడా.