చుక్కాని పక్కన మెత్తటి చోటు

ఈ సంగతి జరిగిన రోజుల్లో నేను మా అమ్మ కడుపులో ఉన్నాను. కాబట్టి కళ్ళారా చూశానని చెప్పలేను గాని, అక్కడ లేనని మాత్రం ఎవరూ అనలేరు. చూసినవాళ్ళు కోటిపల్లి రేవు నిండా ఉన్నారు. ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెప్పారు. వాటిలో నాకు నచ్చినవన్నీ ఏరుకుని మా అమ్మమ్మ రత్నమాణిక్యం గురించి రాస్తున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వాళ్ళూ రాసుకోవచ్చు.

తాతయ్య అబ్బులుకి ఒక తెరచాప పడవ ఉండేది. గౌతమి మీద ధాన్యం, కొబ్బరికాయలు, లంక పొగాకు చేరవేసేవాడు. పడవ ఆయనదే అయినా పెత్తనం అమ్మమ్మదని ఏటికి రెండువైపులా తెలుసు. తాతయ్యకు ఇంకా బాగా తెలుసు. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మా అమ్మ, పేరు చిన్నమ్మాయి. ఆమెను కపిలేశ్వరపురం ఎదుటి లంకలో పొగాకు పండించే ఇంటికి ఇచ్చారు. ఆ ఇంట్లో అందరూ మా నానమ్మ సూరమ్మ కనుసన్నల్లో మెలిగేవారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు తక్కువ.

అమ్మకు ఏడో నెల వచ్చింది. మా వైపు తొలి కానుపుకి ఏడో నెలలోనే ఆడపిల్లను పుట్టింటికి తీసుకొస్తారు. ఎనిమిదో నెల ప్రవేశిస్తే ఇక ఏరు దాటించరు. పురుడు అత్తవారింట్లోనే. అందుకని తాతయ్య మంచిరోజు చూసుకుని, చలిమిడి పట్టుకుని లంకకు వెళ్ళాడు. మర్నాడు ఒంటరిగా తిరిగొచ్చాడు.

“పిల్లేదండీ?” అంది అమ్మమ్మ, పడవ ఒడ్డుకి తగలక ముందే.

“పంపలేదే.”

“పంపకపోవడమేంటి?”

“చుక్కాని దగ్గర చెక్కబల్ల చూసింది వియ్యపురాలు. మామూలు మనుషులకే నడుం విరిగిపోద్ది, నా కోడల్ని దీనిమీద కూచోబెడతారా అంది. మెత్తగా కూచునే ఏర్పాటు చేసుకు రండి, అప్పుడు చూద్దాం అంది.”

“పడవ మధ్యలో గూడు కింద పడుకోబెట్టి తీసుకొస్తామనలేకపోయారా?”

“అన్నాను. ఆ పొగాకు కంపులో ఊపిరాడదని పిల్లే అందే!”

అంటే ఇక మిగిలింది పడవ వెనక భాగం, చుక్కాని పక్కన ఉన్న బల్ల ఒక్కటే. గాలి తగిలేదీ, ఏరు కనబడేదీ అక్కడే. అమ్మమ్మ పడవలోకి దూకి ఆ బల్లమీద కూర్చుని చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎన్నోసార్లు కూర్చున్న బల్లే. కానీ ఆ పూట దాని మీద ఉన్న మేకులన్నీ ఒకటొకటిగా తెలిసొచ్చాయి.

“మెత్తగా కావాలా ఆవిడకి? కాకినాడ దొరలు కూడా ఎరగనంత మెత్తగా చేస్తాను. ఎనిమిదో నెల వచ్చేలోగా నా పిల్ల నా వాకిట్లో ఉండాలి!” అంది.

ఆ మాట రేవంతా వినబడింది. మర్నాటినుంచి కోటిపల్లి రేవులో ఇంకో పని ఎవరూ సరిగ్గా చేసుకోలేదు.

మొదట వరిగడ్డి కూరిన మెత్త వచ్చింది. కొత్త గడ్డి, చక్కగా పొంగి ఉంది. మధ్యాహ్నం గాలి లేవగానే తాతయ్య తెరచాప ఎత్తాడు, అమ్మమ్మ మెత్తమీద మఠం వేసుకుని కూర్చుంది. నాలుగు అలలు ఎగిరి మీద పడేసరికి గడ్డి తడిసి, పశువుల సావిడి వాసన మొదలయ్యింది. దిగాక ఒళ్ళంతా గోక్కుంటూ ఇంటికి వెళ్ళింది. తరువాత కొబ్బరి పీచు. అది నీటికి జంకలేదు, అణగలేదు. కాకపోతే గుడ్డలోంచి పొడుచుకొచ్చి, కూర్చున్న మనిషిని కూర్చోనివ్వలేదు.

“బూరుగు దూది పెట్టి చూడకూడదూ?” అన్నాడు తాతయ్య.

“నాకు తెలీదేంటి?” అంది అమ్మమ్మ. నిజానికి అప్పటిదాకా తోచలేదు.

పెరట్లో బూరుగు కాయలన్నీ ఒలిచి, గింజ తీసి, ముక్కుల్లోకీ జుట్టులోకీ దూది ఎక్కించుకుని దివాణంలో పరుపు లాంటిది తయారుచేసింది. ఎక్కి కూర్చుంటే ఎంత హాయి! కానీ ఏరు సగం దాటేసరికి దూది అణిగిపోయి మళ్ళీ చెక్క తగిలింది. అయితే ఇంకా కూరాలని ఇంకా కూరింది. ఈసారి మెత్త ఎంత ఎత్తయ్యిందంటే, పడవ మళ్ళించగానే తెరచాప కింది వెదురు గిర్రున వచ్చి అమ్మమ్మ కొప్పుకి తగిలింది. కొప్పు ఊడిపోయింది. ఒడ్డుమీద చాకళ్ళు పని ఆపి మరీ నవ్వారు.

“నవ్వండర్రా! మీ కూతుళ్ళకి ఏడో నెల వచ్చినప్పుడు నా దగ్గరికే వస్తారు!” అని అరిచింది అమ్మమ్మ.

ఇంకెవరైనా అయితే అక్కడితో విసిగిపోయేవారు. అమ్మమ్మకు మాత్రం హుషారు పెరిగింది. రాత్రి నిద్రలో కూడా దూది సర్దుతోందని తాతయ్య చెప్పేవాడు. కింద కొబ్బరి పీచు, పైన బూరుగు దూది వేస్తే పొడవడమూ ఉండదు, అణగడమూ ఉండదని తేల్చింది. వెదురుకి తల తగలకుండా బెత్తెడు మందం చాలంది. పైన తన పెళ్ళినాటి పట్టుచీర చింపి తొడిగింది. చింపుతుంటే తాతయ్య అటు తిరిగి కూర్చున్నాడు.

పట్టు మీద కూర్చుంటే ఏమవుతుందో పడవ ఒరిగాక తెలిసింది. జర్రున జారి తాతయ్య ఒళ్ళో పడింది. ఒడ్డుమీద ఈలలు!

“ఈ గుడ్డే ఉంచుదామే, నాకు బానే ఉంది,” అన్నాడు తాతయ్య.

“సిగ్గు లేకపోతే సరి,” అని లేచి, పట్టు తీసేసి ముతక నేత గుడ్డ తొడిగింది. అది ఒంటిని పట్టుకుంది, జారనివ్వలేదు.

అప్పటికీ అమ్మమ్మకు తృప్తి కలగలేదు. తనకు సుఖంగా ఉంటే కడుపుతో ఉన్న మనిషికీ ఉంటుందని ఏముంది? ఇంట్లోంచి ఒక గుమ్మడికాయ తెచ్చి, పాత చీరతో పొట్టకి కట్టుకుని, ఆయాసపడుతూ పడవెక్కింది. ఆ రోజు రేవులో నవ్వనిది గుమ్మడికాయ ఒక్కటే. కానీ ఆ బరువుతో కూర్చున్నాకే అసలు లోటు బయటపడింది. బరువంతా ముందుకు లాగుతుంటే నడుముకి ఆసరా లేదు. ఆ సాయంత్రమే వెనక ఆనుకోవడానికి రెండు బాలీసులు కుట్టింది. రెండు చోట్లు తయారయ్యాయి. ఒకటి పిల్లకి. పక్కనే ఒకటి తనకి, దారంతా పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చోవడానికి.

ఇక నెలలో రెండు రోజులే మిగిలాయి. గాలి లేవగానే బయల్దేరి, చీకటి పడకముందే లంక చేరారు. నానమ్మ గట్టుమీదే నిలబడి ఉంది. పక్కనే అమ్మ, చేతిలో గుడ్డల మూటతో సహా సిద్ధంగా ఉంది.

“చూడండి వదినగారూ, నొక్కి చూడండి!” అంది అమ్మమ్మ, పడవ కట్టకుండానే. ఆ సంబరంలో మాటలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి.

నానమ్మ పడవలోకి వంగి మెత్తను అటూ ఇటూ తిప్పి చూసింది. అంచు దగ్గర వేలు ఆగింది.

“మూతి కుట్టేశారే!”

అమ్మమ్మ చెయ్యి మెత్త మీంచి చప్పున వెనక్కి తీసుకుంది. మా వైపు నొప్పులు మొదలైతే ఇంట్లో పెట్టెల మూతలు తెరుస్తారు, ముడులు విప్పుతారు, జడలు విప్పుకుంటారు. ఏదీ మూసి ఉండకూడదు. ఎంతమంది పురుళ్ళకు అమ్మమ్మ స్వయంగా పెట్టెలు తెరిచిందో! వెదురు ఎత్తు చూసింది, గుమ్మడికాయ బరువు చూసింది. మూతి బిగించి కుట్టేసిన దానిమీద చూలాలిని కూర్చోబెట్టబోతున్నానన్న ఆలోచన మాత్రం తట్టలేదు. అమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మమ్మకు కోపం వచ్చింది, అది ఎవరిమీదో తనకే తెలియలేదు.

వెంటనే అక్కడే కూలబడి, కుట్లు పంటితో పటపటా తెంపేసింది. మెత్తలకీ బాలీసులకీ మూతులన్నీ తెరిచేసింది. గుడ్డ అంచు లోపలికి మడిచి, మడత కిందికి వచ్చేలా బల్లమీద పరిచింది. కూర్చున్న మనిషి బరువుకే మడత నిలబడుతుంది, దూది రాదు.

“కుట్టు లేదు, ముడి లేదు. ఇప్పుడు మీరే కూచుని చూడండి వదినగారూ. బాగోలేదంటే నేనింక మాట్లాడను!”

నానమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని పడవెక్కింది. కూర్చుంది. బాలీసుకి ఆనుకుంది. తాతయ్య అడక్కుండానే గడతో పడవను ఒక తోపు తోసి, తెరచాప విప్పాడు. పడవ ఒరిగింది, నీళ్ళు చిమ్మాయి, నానమ్మ జారలేదు. లంక చుట్టూ ఒక మలుపు తిరిగి వచ్చారు.  అంతసేపూ ఆవిడ మెత్తను అరచేత్తో నిమురుతూనే ఉంది. పడవ గట్టుకి తగిలినా లేవలేదు.

“పొడుస్తోందా వదినగారూ?” అంది అమ్మమ్మ భయంగా.

“నా తొలి కానుపుకి మావాళ్ళెవరూ రాలేదండి,” అంది నానమ్మ. “ఏడో నెలంతా ఈ గట్టుమీదే కూచున్నాను. పడవ కనబడితే చాలు, లేచి నిలబడేదాన్ని. నెల వెళ్ళిపోయింది. ఇన్ని వంకలు పెడితే మీరూ మానేస్తారనుకున్నాను. మానలేదు.”

కోటిపల్లి నుంచి అమ్మమ్మ దారంతా నూరి పెట్టుకొచ్చిన మాటలు చాలా ఉన్నాయి. అన్నీ ఏట్లో వదిలేసింది. గట్టుమీదికి చెయ్యి చాపి అమ్మను ఎక్కించుకుంది. నానమ్మ లేవబోతుంటే భుజం పట్టి కూర్చోబెట్టింది.

“దిగకండి. పిల్ల పక్కన మీరే కూచోండి.”

“ఇది మీ చోటు కాదేంటండీ?”

“నాకు చెక్కబల్ల అలవాటే.”

“ఇల్లూ, పొగాకూ...”

“మీ అబ్బాయి చూసుకుంటాడు లెండి. పడవొచ్చింది వదినగారూ. ఈసారి మీరు గట్టుమీద ఉండిపోకూడదు.”

తీరా చీకటి పడిపోవడంతో ఆ రాత్రికి లంకలోనే పడుకుని, తెల్లవారుతూనే చల్లగాలికి బయల్దేరారు. దారంతా నానమ్మ తాతయ్యకి పడవ నడపడం నేర్పుతూనే ఉందట. నేను తన్నుతూనే ఉన్నానట. అమ్మమ్మ చెక్కబల్ల అంచున కూర్చుని, ఎగిరిపడినప్పుడల్లా పళ్ళు బిగబట్టి నవ్వుతూనే ఉందట. కోటిపల్లి రేవు కనబడగానే ఇక ఆగలేక లేచి నిలబడింది. ఒడ్డుమీద గుమిగూడిన జనానికి వినబడేలా గొంతెత్తి అరిచింది.

“హారతి తెండర్రా! మన ఆడపిల్లలొచ్చారు! ఇద్దరూ వచ్చారు!”