మా నాన్న పాట మీద నా కుళ్లు

నా చిన్నప్పుడు కలకత్తాలోని ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగు పిల్లలకి వేసవి సెలవులంటే పక్కింటి అక్క వరండాలో నడిపే బడే. బెంగాలీ బడిలో మా మాట విని నవ్వేవాళ్లు. మన మాటా పాటా ఎవరికీ తీసిపోవని మాకు తెలియాలని అక్క పట్టుదల. రోజుకొకరం మా ఇంటి నుంచి ఒక పాటో కథో తేవాలి.

ఆ ఏడు శ్రీకాకుళం నుంచి మా వీధిలో ఉండే తన మేనమామ ఇంటికి ఒక పిల్ల వచ్చింది. నోరు తెరిస్తే ఊడ్పు పాటలు, పొడుపుకథలు. అక్క మురిసిపోయి తన పక్కనే కూర్చోబెట్టుకునేది. అంతవరకూ ఆ చోటు నాది! కుళ్లుతో నాకు అన్నం సయించలేదు. నా వంతు వచ్చిన రోజు, "మా నాన పోర్టు ఆఫీసులో గుమాస్తా బాబు. పాటలు కూలోళ్లకి" అని ఆ పిల్ల మొహం మీదే అనేశాను. నిజానికి మా నాన్న ఓడల్లోంచి బస్తాలు దింపే కూలీ. ఆ సంగతి అక్కకి బాగా తెలుసు.

మర్నాడు సాయంత్రం, నాన్న పని దిగి అటు వచ్చే వేళకి, అక్క ఒక బరువైన చెక్క మంచానికి తాడు కట్టి వరండా చివరికి లాగమంది. ఎవరికి తోచినప్పుడు వాళ్లం లాగాం. అంగుళం కదలలేదు. ఇంతలో భుజాల నిండా గోనె దుమ్ముతో నాన్న వచ్చాడు. ఆయన తాడు అందుకోబోతే అక్క ఆపింది.

"లాగడం వద్దు బాబాయ్. మీరు పనిలో పాడే పాట సెప్పండి."

నాన్న సిగ్గుపడి నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన గొంతు సవరించుకుని "పట్టరా తాడు!" అని ఎత్తుకున్నాడు. "ఐలేసా!" అన్నాం. ఆ మాట దగ్గర అందరి చేతులూ ఒక్కసారే బిగిశాయి. మంచం కదిలింది. అబ్బ, ఎంత గోల చేశామో!

ఆ పిల్ల మాత్రం ఆయన్నే చూస్తూ, "మీ నాన నాకు నాన అయితే బాగుణ్ణే" అంది. ఆ పిల్లకి తండ్రి లేడు. జాలి పడాల్సింది పోయి, నేను పరిగెత్తి ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మా నానే! గుమాస్తా కాదు, కూలీ" అన్నాను అందరికీ వినిపించేలా.

ఇప్పుడు వేసవి బడి నేనే నడుపుతున్నాను. ఆ పాట పిల్లలందరికీ నేర్పుతాను. ఎవరైనా మా నాన్న కంటే బాగా ఎత్తుకుంటే మాత్రం, ఈ వయసులోనూ నాకు ఒళ్లు మండుతుంది.