హెల్మెట్ తియ్యని మనిషి

చిన్న రేసు బళ్ళు తిరిగే కార్ట్ ట్రాక్‌లో హెల్మెట్లు ఇచ్చి పుచ్చుకునే పని నాది. పన్నెండేళ్ళుగా మనుషుల తలకాయలు చూస్తున్నాను గనక లోపల ఏముందో కూడా కాస్త తెలుస్తుందని నాకో గర్వం. గడియారాలు బాగుచేసే ఆయన విషయంలో మాత్రం ఆ గర్వం ఎందుకూ పనికిరాలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న భూతద్దం. పిల్లలెవరినో దిగబెట్టడానికి వచ్చాడనుకున్నాను. "నాకేనమ్మా. నెల్లాళ్ళలో నేర్చుకోవాలి," అన్నాడు. నవ్వు ఆపుకున్నాను గానీ కొంచెం బయటికి వచ్చేసింది. ఆయన ఏమీ అనుకోలేదు.

మంగళవారాలు మా దగ్గర ఈగలు తోలుకోవడమే. ఆయన బండెక్కే ముందు ట్రాకంతా నడిచేవాడు. తొమ్మిది మలుపులు, రెండు పక్కలా పాత టైర్ల గోడ. చేతులు వెనక్కి కట్టుకుని ఏదో గొణుక్కుంటూ ఒక్కడే తిరిగేవాడు. ఏమిటని అడిగితే లెక్క పెడుతున్నానన్నాడు. "జెండా దాటాక నాలుగు సెకన్లు, అప్పుడు బ్రేకు. అక్కణ్ణుంచి రెండు, అప్పుడు కుడికి." జీవితమంతా సెకన్ల చప్పుడు విన్న చెవులు కదా, ట్రాక్‌ను కూడా గడియారంలాగే విప్పి ముక్కలు చేసుకున్నాడు. "మలుపును కళ్ళతో చూసి తిప్పాలి అన్నయ్యగారూ, అంకెలతో కాదు," అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. సరేనని తలూపి మళ్ళీ లెక్కపెట్టుకునేవాడు. వేగం ఏమాత్రం పెరిగినా లెక్క తప్పి బండి పోయి టైర్లలో దూరేది. దిగి, మళ్ళీ నడిచి, కొత్త లెక్క వేసుకునేవాడు.

మూడో మంగళవారం ఉండబట్టలేక అడిగేశాను, ఈ వయసులో ఈ అవస్థ ఎందుకని.

భార్యా ఆయనా విడిపోయి ఏడేళ్ళట. పదిహేనేళ్ళ కూతురు తల్లి దగ్గర, పక్క ఊళ్ళో ఉంటుంది. నెలకోసారి, చివరి శనివారం, వచ్చి బస్టాండు పక్క కాఫీ దుకాణంలో ఆయనతో ఒక గంట కూర్చుంటుంది. "ఎలా చదువుతున్నావంటే బాగానే అంటుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది. ఇక అంతే. ఇద్దరం కప్పుల్లోకి చూస్తూ కూర్చుంటాం," అన్నాడు. ఆ పిల్ల తన ఊళ్ళో కార్ట్‌లు నడుపుతుందట. ఈ నెలాఖరున వాళ్ళ క్లబ్బు మా ట్రాక్‌కి వస్తోందనీ, అది ముగించుకుని కాఫీకి వస్తాననీ చెప్పింది. ఏడేళ్ళలో దాని నోట ఆయన విన్న అతి పెద్ద మాట అదే. అందుకని దానికి చెప్పకుండా నేర్చుకుని, దానితోపాటే బండి నడిపి, చివర్న హెల్మెట్ తీసి నించోవాలని ఆయన పథకం. "అప్పుడు మాట్లాడక ఎక్కడికి పోతుంది?" అన్నాడు. క్లబ్బు వాళ్ళతో మాట్లాడి ఆయనకి తొమ్మిదో నంబరు బండి నేనే ఇప్పించాను.

ఇప్పుడు నా నిర్వాకం వినండి. మామూలు రోజుల్లో మా ట్రాక్ మీద బళ్ళు గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతాయి. క్లబ్బులు వచ్చిన రోజున ఎదురు దిక్కున నడుపుతారు. గేటు దగ్గర బాణం బోర్డు తిప్పి పెట్టేది సాక్షాత్తూ నేనే. ఆయన లెక్కలు విన్నాను, వెక్కిరించాను, ఈ ఒక్క ముక్క చెప్పాలని నా బుర్రకి తట్టలేదు.

శనివారం ఆయన ఆ బోర్డు ముందు ఆగిపోయాడు. "ఇవాళ ఇటా?" అన్నాడు. అవునన్నాను. వేళ్ళ మీద లెక్కలు వెనక్కి వేసి చూసుకుని మధ్యలోనే వదిలేశాడు. ఇంటికి వెళ్ళిపోతాడనుకున్నాను. చొక్కా మీద మా ట్రాక్ సూటు తొడుక్కుని, హెల్మెట్ పెట్టుకుని, అద్దం దించుకుని వెళ్ళి బండెక్కాడు.

ఆరు చుట్లలో మూడుసార్లు టైర్లలోకి వెళ్ళాడు. తనకి కంఠతా వచ్చిన ట్రాకే తెలియని చోటైపోయింది. ఒకసారి ఆయన వెనకే, హెల్మెట్ కింద నెరిసిన జుట్టు కనిపించేంత దగ్గరగా, ఎర్ర బండి ఇరుక్కుపోయింది. అందులో పిల్ల చెయ్యి పైకెత్తి విసుక్కుని, సందు చూసుకుని దాటిపోయింది. అది ఆయన కూతురేనని బండి దిగి హెల్మెట్ తియ్యగానే తెలిసిపోయింది, అదే ముక్కు.

"ఆంటీ, ఆ తొమ్మిదో నంబరు ముసలాయన్ని ట్రాక్‌లోకి ఎందుకు దింపారు? నడపడం రాకపోతే ఇంట్లో కూర్చోవచ్చు కదా," అంది నాతో.

ఆయన రెండడుగుల దూరంలో ఉన్నాడు. గడ్డం కింద పట్టీ మీద వేళ్ళు పెట్టి ఉన్నాడు. ఆ చెయ్యి మెల్లిగా కిందికి దిగింది. క్లబ్బు వాళ్ళ వ్యాను వెళ్ళేదాకా, ఎండలో, టైర్ల గోడ పక్కన, హెల్మెట్ తియ్యకుండా ఒక్కడే నించున్నాడు. నేను దగ్గరికి వెళ్ళలేకపోయాను. అంత ఒంటరిగా నిలబడ్డ మనిషిని నేను చూడలేదు. తర్వాత హెల్మెట్, సూటు బల్ల మీద పెట్టి, కాఫీకి వేళవుతోందని వెళ్ళిపోయాడు.

ఇక రాడనుకున్నాను. మంగళవారం వచ్చాడు, అదే ఇస్త్రీ చొక్కాతో.

"బోర్డు సంగతి ముందే చెప్పాల్సింది అన్నయ్యగారూ," అన్నాను.

"పోనిద్దూ. ఆరోజు గంటన్నర మాట్లాడింది," అన్నాడు. "కూర్చుంటూనే, నాన్నా ఇవాళ ట్రాక్ మీద ఒక ముసలాయన ఉన్నాడూ, అని మొదలుపెట్టింది. చెంచాలూ పంచదార డబ్బా పేర్చి మలుపులన్నీ చూపించింది. ఆయన ఎక్కడ తొందరపడి తిప్పేశాడో, ఎక్కడిదాకా ఆగాలో. పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను."

"మరి ఆ ముసలాయన మీరేనని చెప్పారా?"

"చెబితే మాటలు ఆగిపోతాయి కదమ్మా. వచ్చే నెల కూడా ఆయన ఉంటే బాగుండు నాన్నా, అని వెళ్ళింది."