మైసాచితో టంకం

ఒక సీసం తీగ, ఒక స్క్రూడ్రైవర్, ఒక గ్యాస్ పొయ్యి. వీటితో ఒక్క మనిషి ఎంత కొంప ముంచగలడో మీకు తెలియదు. నాకు తెలుసు. ముంచింది నేనే, మునిగింది మా కొంపే. చెప్పుకుంటే సిగ్గు. చెప్పకపోతే మా అక్క చెబుతుంది, ఇంకో రెండు కలిపి మరీ. అందుకని నేనే చెప్పేస్తున్నాను.

అక్క ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసింది. ఆదిభట్లలో విమానాలకు వైర్లు అమర్చే కంపెనీలో ఉద్యోగానికి పెట్టుకుంది. ఇబ్రహీంపట్నంలో మా ఇంటి ముందు నుంచి కంపెనీ బస్సు పోతుంటే చేతిలో పని వదిలేసి చూసేది. ఈ ఉద్యోగం రాకపోతే మామ కిరాణా కొట్లో కూర్చోవాలని మా బాపు, అంటే నాన్న, ముందే తీర్మానించాడు. ఆ రోజు ఫోనులో వీడియో ఇంటర్వ్యూ. సరిగ్గా ఆ పొద్దున్నే నేను కుర్చీ జరిపి, దాని కాలి కింద అక్క ఇయర్‌ఫోన్ల వైరు తెంపేశాను.

"తెంపినవా? నీ చేతులిరగ!"

"ఫికర్ జెయ్యకక్కా. వీడియోల జూసిన. టంకం పెట్టి అతికిస్త."

"సోల్డరింగ్ ఐరన్ ఏది?"

"అది లేకున్నా అయితది. స్క్రూడ్రైవర్ పొయ్యి మీద కాలుస్త."

"నువ్వు సదివేది బీకామ్‌రా! ముట్టకు. పక్కింటక్క ఇయర్‌ఫోన్లు అడిగి తెచ్చుకుంట."

తెచ్చుకుంది కూడా. ముందు గదిలో తలుపేసుకుని ఇంటర్వ్యూకి కూర్చుంది. చూశారా, నా అవసరం అక్కడితో తీరిపోయింది. బుద్ధి ఉన్నవాడైతే చాయ్ తాగి ఊరుకునేవాడు. నాకేమో బీకామ్ అన్న మాట గుచ్చుకుంది.

స్క్రూడ్రైవర్‌ను ఎర్రగా కాల్చి సీసానికి తాకించాను. సీసం కరిగి గుండులా దొర్లి కింద పడింది గానీ వైరుకు అంటలేదు. ముందు ఫ్లక్స్, అంటే గుగ్గిలం, అద్దాలని వీడియోలో చెప్పారు. గుగ్గిలం అంటే చెట్టు బంకే కదా! దేవుడి గూట్లో బోనాలప్పుడు పొగ వేయగా మిగిలిన మైసాచి ఉంది. అదీ చెట్టు బంకే. చిటికెడు వేశాను, అంటలేదు. చిటికెడు చాలకపోతే గుప్పెడు అనుకుని, పాత గరిటెలో మైసాచి పోసి, అందులో వైరు పెట్టి, పొయ్యి మీద పెట్టాను.

మా వైపు వాళ్లు ఈపాటికే నెత్తి కొట్టుకుని ఉంటారు. మిగతావాళ్లకు చెబుతాను. బోనాలప్పుడు ఎల్లమ్మ ముందు మైసాచి పొగ వేస్తే కొందరికి శిగం వస్తుంది, అంటే అమ్మవారు ఒంటి మీదికి వస్తుంది. మా నానమ్మకు ఏటా వస్తుంది. ఆ సమయంలో ఆమె పెరట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పొగ అటే పోయింది.

"హూ..." అని వినిపించింది. తిరిగి చూసేసరికి నానమ్మ జుట్టు విరబోసుకుని ఊగుతూ నన్ను దాటి, ముందు గది తలుపు తోసింది.

"ఎవడ్రా నన్ను పిలిసింది? బోనమేది? డప్పేది? ఉత్త పొగ వెట్టి పిలుస్తర్రా!"

అమ్మ పసుపు నీళ్ల చెంబుతో ఉరికొచ్చింది. "తప్పయింది తల్లీ! పోరడు తెలివి లేక జేసిండు, శాంతించు తల్లీ!"

ఫోను తెర మీద ఇంటర్వ్యూ చేస్తున్న మేడమ్ నోరెళ్లబెట్టింది. ఆమె పక్కనున్న సారు మాత్రం కుర్చీలోంచి లేచి చేతులు జోడించాడు.

"తల్లీ, ఈ యేడన్న వానలు మంచిగ పడ్తయా?"

"పడ్తయ్!" అని నానమ్మ అరిచింది. అక్క ఫోను కట్ చేసి, మొహం కప్పుకుని ఏడ్చింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటినే రచ్చ చేశాను.

కాసేపటికి శిగం దిగింది. నానమ్మ అలసిపోయి అమ్మ ఒళ్లో తల పెట్టుకుని, చిన్న గొంతుతో అడిగింది, "బిడ్డా, నా వల్ల నీ కొలువు పాయెనా?"

"నీ వల్ల గాదు నానమ్మా" అంది అక్క, నా వంక చూడకుండా. తిట్టినా బాగుండేది. ఆ ముసలి ప్రాణాన్ని ఊరికే ఊగించి, పైగా ఆమె చేతే తప్పు ఒప్పించానే అని సిగ్గుతో చచ్చిపోయాను.

సాయంత్రం కంపెనీ నుంచి ఫోనొచ్చింది, రేపు నేరుగా రమ్మని. మర్నాడు అక్క వెళ్లింది. అదే సారు అడిగాడట.

"టంకం చెడిపోవడానికి కారణాలేంది?"

"వేడి సరిపోకపోవుడు, ఫ్లక్స్ మంచిది కాకపోవుడు సార్."

"ఇంకా?"

"మా తమ్ముడు సార్."

ఉద్యోగం అక్కడికక్కడే ఇచ్చారు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు. ఇక మీదట వైరు తెగితే తెగనిస్తాను. బల్బు మాడితే చీకట్లో కూర్చుంటాను. ఆ చీకట్లో అగరుబత్తి వెలిగించమని ఎవరు బతిమాలినా వెలిగించను.