యేసోబు తాగడు

పదేళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆపకుండా రాసేస్తాను. ఆపితే మళ్లీ మొదలుపెట్టలేను.

బెజవాడలో పాత ఇళ్లు బాగుచేయించే చిన్న కాంట్రాక్టరును నేను. ఇల్లు బాగుచేయడం ఏమంత కష్టం కాదండీ. పనివాళ్లను పట్టుకోవడమే కష్టం. తొంభైల చివర్లో తల ప్రాణం తోకకొచ్చేది. ప్లంబరు ఇంటికి ఫోన్ చేస్తే "ఇప్పుడే బయల్దేరారండీ" అనేది వాళ్లావిడ. ఆ మహానుభావుడేమో మైలవరంలో ఇంకెవరిదో పని ఒప్పుకుని అక్కడ కూర్చునేవాడు. ఒక వడ్రంగి బాత్రూమ్ తలుపు విప్పి, గోడకు ఆనించి, వారం రోజులు కనపడలేదు. ఆ ఇంటావిడ దుప్పటి అడ్డం కట్టుకుని స్నానం చేసింది. తిట్లు మాత్రం నాకు. మంచి పనివాడి కోసం చెప్పులరిగేలా తిరిగాను.

అలాంటి రోజుల్లో దొరికాడు యేసోబు. తాపీ మేస్త్రి. ఉయ్యూరు నుంచి మొదటి బస్సుకు వచ్చేవాడు. బాత్రూమ్‌లో టైల్స్ పరిచాక, సిమెంటు ఇంకా గట్టిపడకముందే ఒక మగ్గు నీళ్లు పోసి, గొంతుక్కూర్చుని అవి ఎటు పోతున్నాయో చూసేవాడు. ఎక్కడైనా చారెడు నీళ్లు నిలిస్తే నోరెత్తకుండా ఆ టైలు పెకలించి మళ్లీ వేసేవాడు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఏం మనిషిరా బాబూ అనుకునేవాణ్ణి. మిగతావాళ్లందరి మీదా అరిచే నేను అతని దగ్గర మాత్రం గొంతు తగ్గించేవాణ్ణి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. కొత్త మేస్త్రిని ఎవరు పెట్టుకున్నా, ముందు పని చేయించినవాణ్ణి అడుగుతారు. "ఎలాంటోడండీ?" అంతే. కాగితం ఉండదు, సంతకం ఉండదు. ఆ చెప్పిన మాటే మేస్త్రికి అన్నం పెడుతుంది, లేదా తీసేస్తుంది.

ఆటోనగర్‌లో షెడ్డు ఉన్న ఒకాయన పటమటలో తన మూడంతస్తుల ఇంటికి టైల్స్ పని మొత్తం యేసోబుకే ఇద్దామనుకున్నాడు. నా కింద కాదు, నేరుగా అతనికే. నలుగురు మనుషుల్ని పెట్టుకుని తన సొంత పేరు మీద చేసే మొదటి పని. పద్ధతి ప్రకారం ఆయన నన్ను అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పని బంగారమేనండీ. కాకపోతే మందు అలవాటుంది. సగంలో వదిలేసి పోతాడు" అన్నాను.

యేసోబు నోట్లో చుక్క పడగా నేను ఎప్పుడూ చూడలేదు. మరెందుకన్నాను? అతని మీద కోపమా? కాదు. అతను పోతే మళ్లీ ఆ ప్లంబర్ల వెంట, వడ్రంగుల వెంట తిరగాలన్న విసుగు. ఛీ, దానికి విసుగని పేరు పెట్టుకుని ఇన్నేళ్లూ నన్ను నేను ఓదార్చుకున్నాను గానీ, అది ఒట్టి స్వార్థం. అతను నాకు కావాలి, ఇంకెవరికీ దక్కకూడదు, అంతే.

నాలుగు రోజుల తర్వాత సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో పని చేస్తూ, చేతులు కడుక్కుని నా దగ్గరికి వచ్చాడు.

"ఆటోనగర్ ఆయన ఖాయం అన్నారండీ. ఇప్పుడేమో మొహం చాటేస్తన్నారు. నేను తాగుతానని ఎవరో చెప్పారంటండీ."

"ఎవరు చెప్పారంట?"

"ఆయన చెప్పట్లేదండీ. నా సంగతి మీకు తెలుసు గదండీ. మీరొక్క మాట చెప్తే నమ్ముతారు."

"చెప్తాలే. ముందు ఆ బాత్రూమ్ సంగతి చూడు."

చూశాడు. మగ్గుతో నీళ్లు పోసి చూశాడు.

వారం తర్వాత "చెప్పారాండీ?" అని అడిగాడు. చెప్పాను, ఆయన వినలేదు అన్నాను. మీ మేలు మర్చిపోనండీ అన్నాడు. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది. తర్వాత కూడా ఇద్దరు ముగ్గురు అతని గురించి వాకబు చేశారట, నన్ను అడగనక్కర్లేకుండానే వెనక్కి పోయారు. నా మాట నాకంటే ముందే అందరి దగ్గరికీ చేరింది. ఏడాదిన్నర నా దగ్గరే చేసి, ఒక వేసవిలో మానేశాడు. ఉయ్యూరులో చెరుకు నరకడానికి పోతున్నాడని విన్నాను. ఆ చేతులతో చెరుకు! ఎవర్ని అబద్ధమాడి ఆపుకున్నానో అతనూ నాకు మిగల్లేదు. నాకు బాగా అయింది. కానీ అతనేం పాపం చేశాడని?

మొన్న ఒక ఇంట్లో నేను వేయించిన టైల్స్ మళ్లీ ఉబ్బాయి. విసిగిపోయి, ఈ మధ్యే ఈ పనిలోకి దిగిన ఒక కుర్ర కాంట్రాక్టర్‌ను అడిగాను, మంచి మేస్త్రి ఎవరైనా ఉన్నారా అని.

"ఉయ్యూరులో యేసోబని ఒకాయన ఉండేవాడంటండీ. పని బంగారమంట. కాకపోతే మందంట. సగంలో వదిలేసి పోతాడంట. మనకెందుకులెండి."

నా మాటలే. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. అతను యేసోబును చూడనైనా లేదు. అప్పుడైనా నేను నోరు తెరవాలి కదా? తెరవలేదు. "అలాగా" అన్నాను. అలాగా అట! నా నోరు పడిపోనూ.

అందుకే రాస్తున్నాను. క్షమించమని అడగడం లేదు, అడిగినా ఆ క్షమాపణ మీ చేతుల్లో లేదు. ఇప్పుడు కూడా అతని పేరే రాశాను, నా పేరు దాచుకున్నాను, చూశారుగా నా ధైర్యం. కానీ మిమ్మల్ని ఎవరైనా ఎప్పుడైనా అడిగితే, ఈ ఒక్కటి చెప్పండి. యేసోబు తాగడు. ఏ పనీ సగంలో వదిలిపెట్టలేదు. ఆ మాట పుట్టించింది నేను.