గుడ్డు లేని కేకు

సంతోష్‌నగర్‌లోని మా ఆఫీసులో మధ్యాహ్న భోజనానికి రెండు బల్లలు. కిటికీ పక్కది మాంసం తినేవాళ్లది, నీళ్ల ఫిల్టర్ పక్కది శాకాహారులది. చిన్నప్పుడు నేను పెంచుకున్న మేకను పండక్కి కోసినప్పటి నుంచి మాంసం ముట్టలేదు కనుక నాది రెండో బల్ల. కారణం ఎవరూ అడగలేదు. నా డబ్బాలో మొదట చెంచా పెట్టేది మా హెడ్ క్లర్కే. "మీ ఇంటి గుత్తివంకాయ మస్తుంటదయ్యా," అనేవాడు.

క్రిస్మస్ మర్నాడు ఆ బల్ల కోసమని బేకరీలో చెప్పి మరీ గుడ్డు లేని కేకు చేయించి తీసుకెళ్లాను. ఆయన ముక్క అందుకోబోయి ఆగాడు.

"నువ్వు చర్చికి పోతవా?"

"పోతా సార్."

"మరి మీ ఇంట్ల మటన్ గిట్ల వండుతరా?"

"వండుతరు. నేను తినను."

"గిన్నెలు?"

"గవే గిన్నెలు సార్. కడుగుతం గదా."

ఆయన లేచి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. కేకు ఎవరూ ముట్టలేదు. మర్నాటి నుంచి నా డబ్బా వైపు ఒక్క చెంచా రాలేదు.

"ఇటు రా భాయ్, జగా ఉంది," అని కిటికీ పక్క బల్ల నుంచి ఒకాయన పిలిచాడు. మటన్ వాసన నాకు ఇప్పటికీ పడదు, వెళ్లలేకపోయాను. నా కుర్చీలోనే తింటున్నాను.

ఇన్నాళ్లూ హెడ్ క్లర్కు లొట్టలేసుకుంటూ తిన్న వంకాయ కూర ఆ గిన్నెల్లో వండిందే. అదంతా ఆయనకు శుభ్రంగా అరిగింది. అరగనిది నేనే.